ఒకప్పుడు మనమే ఆ పొరుగు దేశం

(సెప్టెంబర్ 17 సందర్భంగా మాదాపూర్‌లో ఐటీ ఉద్యోగులు, విద్యార్థులు కలిసి పెట్టుకున్న సభలో మా పత్రిక పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



షిఫ్టు దిగి మెడలో ఐడీ కార్డు తియ్యకుండనే వచ్చినోళ్ళు ఉన్నరు. ఇంకో గంటలో క్యాబ్ ఎక్కి రాత్రి షిఫ్టుకు పోవాల్సినోళ్ళు ఉన్నరు. ఉస్మానియా నుంచి, సెంట్రల్ యూనివర్సిటీ నుంచి వచ్చిన విద్యార్థులు ఉన్నరు. అందరికీ సమయం తక్కువ. కాబట్టి నేరుగ విషయంలోకి పోదాం.

పొరుగు దేశంలో నియంత పాలన ఉంటే మన ప్రభుత్వం ఏం చెయ్యాలె? ఇదీ మీరు మాకు ఇచ్చిన అంశం. ఈ మాట బయటికి రాంగనే ఒక మిత్రుడు ఫోన్ చేసి అడిగిండు. "సెప్టెంబర్ 17 నాడు మన ముచ్చట చెప్పుకోవాలె గని, బర్మా ముచ్చట మనకెందుకు?" అన్నడు. ఆయన అడిగిన దాంట్లో తప్పు లేదు. విలీనమా, విమోచనా, విద్రోహమా అని మనం ఏండ్ల తరబడి కొట్లాడుకున్న రోజు ఇది. కానీ సెప్టెంబర్ 17 అంటేనే ఈ ప్రశ్న. 1947 ఆగస్టు 15 నుంచి 1948 సెప్టెంబర్ 17 దాకా భారతదేశానికి పక్కన ఉన్న నియంత రాజ్యం ఏది? మనదే. ఢిల్లీ ప్రభుత్వం ఏం చేసింది, ఏం చెయ్యలేదు, ఆలస్యం ఎక్కడ చేసింది, తొందర ఎక్కడ పడ్డది, ఆఖరుకు ఎవరికి న్యాయం చేసింది – ఇవన్నీ మన తాతల ఒంటి మీద రాసి ఉన్నయి. ఈ దేశంలో ఈ ప్రశ్న మీద మాట్లాడే హక్కు అందరికంటె ముందు మనకే ఉన్నది.

సంతకం ఎవరితో?

హైదరాబాద్ సంస్థానం చిన్నది కాదు. 82 వేల చదరపు మైళ్ళు. కోటీ 60 లక్షల జనం. తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ మాట్లాడే జనం. సొంత రూపాయి, సొంత రైలు, సొంత తపాలా. 1947 జూన్‌లో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ ఇంగ్లీషోళ్ళు పోయినంక తాను స్వతంత్రుణ్ణని ప్రకటించుకున్నడు. ఢిల్లీలో జెండా ఎగిరితే పండుగ, మనకాడ ఎగరేస్తే నేరం. 1947 సెప్టెంబర్ 2న పరకాలలో జెండా ఎగరెయ్యబోయిన జనం మీద తుపాకులు పేల్చిండ్రు.

అప్పటికే పల్లెలు లేచి ఉన్నయి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగిండు. వెట్టికి, దొరకు, జాగీరుకు ఎదురు తిరిగిన జనం ఆ రాజ్యం పునాదినే కదిలిస్తున్నరు. ఢిల్లీ ప్రభుత్వానికి ఇది తెల్వక కాదు. అయినా మొదలు ఏం చేసింది? 1947 నవంబర్ 29న నిజాంతో యథాతథ ఒప్పందం మీద సంతకం పెట్టింది. ఏడాది పాటు ఎక్కడోళ్ళు అక్కడనే అని దాని అర్థం. ఆ వెంబడి సికింద్రాబాద్ దండు నుంచి భారత సైన్యం వెనక్కి పోయింది. ఏజెంట్ జనరల్‌గా కె.ఎం. మున్షీ వచ్చి కూసున్నడు.

సంతకం పెట్టిన ఇద్దరికీ సమయం దొరికింది. పల్లెలకు మాత్రం దొరకలే. ఆ తొమ్మిదిన్నర నెలల్లోనే ఖాసీం రజ్వీ రజాకార్లు బలిసిండ్రు. నిజాం సర్కారు పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల అప్పు ఇచ్చింది. సిడ్నీ కాటన్ అనే విమాన వ్యాపారి కరాచీ నుంచి రాత్రిపూట ఆయుధాలు మోసి తెచ్చిండు. 1948 ఆగస్టు 22న 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను ఈ నగరం నడిబొడ్డున నరికి చంపిండ్రు. భారతదేశంలో కలవాలె అని రాసినందుకు ఒక ముస్లిం పత్రికా రచయితకు పడ్డ శిక్ష అది. ఐదు రోజుల తర్వాత ఆగస్టు 27న భైరాన్‌పల్లి బురుజు కాడ జరిగిన మారణకాండ మీకు ఎరుకే.

ఆ నడుమ భారత ప్రభుత్వం ఒత్తిడి పెట్టలేదా అంటే పెట్టింది. సరిహద్దుల్లో సరుకుల రాకపోకలు బిగించింది. మందులు, పెట్రోలు కరువైనయి. దాని బరువు కింగ్ కోఠీ మీద పడలే. దవాఖానాలో పడుకున్న పేషెంటు మీద పడ్డది. నియంతను దారికి తేవాలంటే నియంత ఖజానాకు, ఆయుధాల దారికి అడ్డం పడాలె. జనం మందులకు అడ్డం పడితే నియంతకే జనాన్ని అప్పజెప్పినట్టు.

ఇంకో పని మంచిగ జరిగింది. దాన్ని మనం మరువొద్దు. సరిహద్దు దాటి పోయిన మనోళ్ళకు విజయవాడలో, షోలాపూర్‌లో, చాందాలో క్యాంపులు పెట్టిండ్రు. నల్లగొండ మధ్యలో ఉన్నా మద్రాసు రాష్ట్రం కింద ఉన్న మునగాల పరగణా ఎంతో మందికి నీడ ఇచ్చింది. మనం ఆంధ్ర పాలకులతో కొట్లాడినం, రాష్ట్రం తెచ్చుకున్నం. కానీ ఆనాడు విజయవాడ జనం పెట్టిన బువ్వను కాదనలేం. ఆనాడు వాళ్ళు మన దగ్గర వీసా అడగలే, కాగితం అడగలే.

లెక్క ఎవరు చెప్పాలె?

సెప్టెంబర్ 13న సైన్యం వచ్చింది. 17న నిజాం రేడియోలో ఓటమి ఒప్పుకున్నడు. ఐదు రోజుల్లో ముగిసింది. రజాకార్ల పీడ పోయిందని జనం ఊపిరి పీల్చుకున్నరు. అది అబద్ధం కాదు. కానీ కథ అక్కడ ఆపేస్తే మాత్రం అబద్ధం అయితది.

తర్వాత ఏం జరిగింది? జనాన్ని పీడించిన పాలకునికి 1950లో రాజ్‌ప్రముఖ్ పదవి దొరికింది, 1956 దాకా ఉన్నది. ఏటా 50 లక్షల రాజభరణం దొరికింది. ఆ పాలన మీద కొట్లాడిన రైతుకు ఏం దొరికింది? సైన్యం క్యాంపు దొరికింది. 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించేదాక అడవుల్లో, తండాల్లో వేట సాగింది. మొత్తం పోరాటంలో నాలుగు వేల మంది దాకా ప్రాణాలు పోయినయని పుచ్చలపల్లి సుందరయ్య లెక్క రాసిండు.

ఇంకో లెక్క ఉన్నది. అది మనం కూడ ఎక్కువ మాట్లాడని లెక్క. పోలీస్ చర్య తర్వాత ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద దాడులు జరిగినయి. నెహ్రూ ప్రభుత్వమే పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌లను పంపి విచారణ చేయించింది. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయిండ్రని వాళ్ళు నివేదిక ఇచ్చిండ్రు. హిందువులు ప్రాణాలకు తెగించి ముస్లిం ఇరుగుపొరుగును కాపాడిన సంగతి కూడ అందులోనే రాసిండ్రు. ఆ నివేదికను సర్కారు బయట పెట్టలే. 2013లో గాని చదివేటోళ్ళకు అందుబాటులోకి రాలే. అరవై ఐదు ఏండ్లు!

రజాకార్లు చంపినోళ్ళు మనోళ్ళే. సైన్యం వచ్చినంక చచ్చిపోయిన అమాయక ముస్లింలు మనోళ్ళే. అడవిలో తుపాకీ గుండుకు పడిపోయిన గిరిజనుడు మనోడే. ముగ్గురి లెక్కా అడగనోడు సెప్టెంబర్ 17 గురించి మాట్లాడేటప్పుడు సగం మాటే మాట్లాడుతున్నట్టు. మేము కూడ ఉద్యమ కాలంలో పేజీల కొద్దీ రాసినం, ఈ రెండో లెక్కకు మాత్రం తక్కువ జాగ ఇచ్చినం. ఇయ్యాల ఒప్పుకుంటున్నం.

సైనిక పాలన వెంబడి బయటి ఆఫీసర్లు వచ్చిండ్రు, ఉద్యోగాలు వాళ్ళ చేతికి పోయినయి, 1952లో ముల్కీ ఉద్యమం లేచింది, సిటీ కాలేజీ కాడ కాల్పులు జరిగినయి. అంటే నియంతను దించినంక ఆ నేల జనం చేతికి పాలన ఇయ్యకపోతే కొత్త గాయం మొదలైతది. మన రాష్ట్ర ఉద్యమం వేర్లలో ఒక వేరు అక్కడ ఉన్నది.

ఈ అనుభవం నుంచి మేము మూడు ప్రశ్నలు తీసుకున్నం. పొరుగు దేశంలో నియంత ఉన్నప్పుడు ఏ ప్రభుత్వాన్నయినా ఈ మూడే అడగాలె. ఆయుధం ఎవరికి ఇస్తున్నవ్? తలుపు ఎవరికి తెరుస్తున్నవ్? చేసిన దానికి లెక్క ఎవరికి చెప్తున్నవ్?

1971 చెప్పేది

ఈ మూడింటిలో రెండు బాగ చేసిన సందర్భం ఒకటి ఉన్నది. 1970 డిసెంబర్ ఎన్నికల్లో పాకిస్తాన్ మొత్తం మీద ముజిబుర్ రహమాన్ పార్టీ గెలిచింది. సైనిక పాలకుడు యాహ్యా ఖాన్ ఆ తీర్పును ఒప్పుకోలే, 1971 మార్చి 25 రాత్రి ఢాకా మీద సైన్యాన్ని వదిలిండు. మార్చి 31 నాడే భారత పార్లమెంటు తూర్పు బెంగాల్ జనానికి మద్దతుగా తీర్మానం చేసింది. దగ్గరదగ్గర కోటి మంది శరణార్థులు వస్తే తలుపు మూయలే. ఎన్నికైన నాయకుల ప్రభుత్వాన్ని మన నేల మీద నడవనిచ్చిండ్రు. డిసెంబర్ 6న కొత్త దేశాన్ని గుర్తించిండ్రు.

అదే 1971 మార్చిలో మనకాడ ఏం జరిగింది? తెలంగాణ ప్రజా సమితి 14 లోక్‌సభ సీట్లలో 10 గెలిచింది. 1969లో పిల్లలు గుండెలు చూపి చచ్చిపోతే, జనం ఓటు పెట్టెలో ఇచ్చిన తీర్పు అది. ఢాకాలో ఓటుకు విలువ ఉండాలె అన్న ప్రభుత్వమే హైదరాబాద్ ఓటును పక్కన పెట్టింది. రెండూ ఒకటే అని మేము అంటలేము. అక్కడ లక్షల మంది చనిపోయిండ్రు. కానీ పొరుగు జనం తీర్పును గౌరవించుమని చెప్పే ప్రభుత్వం ఇంట్లో జనం తీర్పును కూడ గౌరవించాలె. నాలుగేండ్లకే 1975లో ఎమర్జెన్సీ పెట్టింది కూడ ఆ ప్రభుత్వమే.

ఆ బంగ్లాదేశ్‌లోనే 2024లో ఇంకో పాఠం దొరికింది. పదిహేనేండ్లు ఢిల్లీ ఒక్క షేక్ హసీనాతోనే దోస్తీ చేసింది. ప్రతిపక్షాలు లేని ఎన్నికలు జరిగినా మాట్లాడలే. ఉద్యోగాల కోటా మీద విద్యార్థులు రోడ్డెక్కితే కాల్పులు జరిపించిండ్రు. 1,400 మంది దాకా చనిపోయి ఉంటరని ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కార్యాలయం అంచనా వేసింది. ఆగస్టు 5న హసీనా ఢిల్లీకి పారిపోయి వచ్చింది. ఆమె మీది కోపం భారతదేశం మీదికి మళ్ళింది. 1971లో జనం పక్కన నిలబడి సంపాదించుకున్న పేరు, పాలకురాలి పక్కన నిలబడి పోగొట్టుకున్నం.

బర్మా: మన నెత్తుటి చుట్టరికం

ఇగ బర్మా ముచ్చట. బర్మా మనకు దూరం కాదు. పాలమూరు కూలీ బొంబాయి పోయినట్టే శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల కూలీలు పడవెక్కి రంగూన్ పోయిండ్రు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగోళ్ళను కోరంగీలు అన్నరు. రంగూన్ రేవులో మూటలు మోసింది వాళ్ళే. 1930 మే నెలలో జరిగిన అల్లర్లలో ప్రాణాలు పోగొట్టుకున్నదీ వాళ్ళే. 1942లో జపాన్ బాంబులకు అడవుల వెంట నడిచి వచ్చిండ్రు. 1962 మార్చి 2న జనరల్ నే విన్ గద్దెనెక్కినంక దుకాణాలు జాతీయం అయినయి, 1964లో పెద్ద నోట్లు రద్దయినయి, ఏండ్ల కష్టం విడిచిపెట్టి కట్టుబట్టలతో ఓడ ఎక్కిండ్రు. విశాఖలో బర్మా క్యాంపు అనే బస్తీ ఇప్పటికీ ఉన్నది. పొరుగున నియంత వస్తే దెబ్బ ఎవరికి తగులుతదో ఆ బస్తీని అడిగితే చెప్తది.

2020 నవంబర్ ఎన్నికల్లో ఆంగ్ సాన్ సూకీ పార్టీ గెలిచింది. 2021 ఫిబ్రవరి 1 తెల్లారంగనే సైన్యాధిపతి మిన్ ఆంగ్ హ్లైంగ్ ఆమెను అరెస్టు చేసి అధికారం గుంజుకున్నడు. అప్పుడు ముందు కదిలింది ఎవరో ఉద్యోగులు గుర్తు పెట్టుకోవాలె. దవాఖానాల డాక్టర్లు, బడి పంతుళ్ళు, రైల్వే కార్మికులు, బ్యాంకు ఉద్యోగులు పని బంద్ పెట్టిండ్రు. 2011లో మనం 42 రోజులు సకల జనుల సమ్మె చేసినం. బస్సు ఆగింది, బొగ్గు ఆగింది, బడి ఆగింది. మన మీద కేసులు పడ్డయి, జీతాలు ఆగినయి. వాళ్ళ మీద గుండ్లు పడ్డయి. 2022 జులైలో నలుగురు ఖైదీలను ఉరి తీసిండ్రు, అందులో ఒకరు మాజీ ఎంపీ. ఆరు వేలకు పైగా జనాన్ని సైన్యం చంపింది. ముప్పై లక్షలకు పైగా ఇండ్లు వదిలి చెట్టుకొకరు పుట్టకొకరు అయిండ్రు. సూకీ పార్టీని 2023లో రద్దు చేసి, 2025 డిసెంబర్‌లో ఎన్నికలు అని నాటకం మొదలుపెట్టిండ్రు.

సూకీని కూడ మేము నెత్తిన పెట్టుకోం. 2017లో సైన్యం రోహింగ్యాల ఊర్లు తగలబెడితే ఏడు లక్షల మంది బంగ్లాదేశ్‌కు పారిపోయిండ్రు. ఆనాడు ఆమె సైన్యాన్ని వెనకేసుకొచ్చింది. మూడేండ్లు దాటంగనే అదే సైన్యం ఆమెను జైల్లో పెట్టింది.

మన మూడు ప్రశ్నలు ఇప్పుడు ఢిల్లీకి పెడదాం.

ఆయుధం ఎవరికి? 2021 మార్చి 27న బర్మా సైన్యం కవాతు చేసుకుంటే మన రక్షణ ప్రతినిధి పోయి ఆ వేడుకలో కూసున్నడు. ఆ ఒక్క రోజే వంద మందికి పైగా జనాన్ని వీధుల్లో కాల్చి చంపిండ్రు. ఆయుధాలు పోకుండ చూడాలె అని 2021 జూన్ 18న ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభలో తీర్మానం పెడితే 119 దేశాలు అవునన్నయి. మన దేశం తటస్థం అన్నది. తిరుగుబాటు తర్వాత రెండేండ్లలో భారతదేశం నుంచి 5 కోట్ల 10 లక్షల డాలర్ల ఆయుధాలు, విడిభాగాలు, ముడి సరుకు ఆ సైన్యానికి పోయినయని 2023 మేలో సమితి ప్రత్యేక ప్రతినిధి టామ్ ఆండ్రూస్ లెక్క చెప్పిండు. రష్యా, చైనా పంపినదానికంటె తక్కువే. కానీ గాంధీ పేరు చెప్పుకునే దేశానికి తక్కువ పంపినం అనేది జవాబు కాదు.

తలుపు ఎవరికి? సరిహద్దు 1,643 కిలోమీటర్లు. చిన్ రాష్ట్రం జనం మిజోరాం దిక్కు పరుగెత్తి వచ్చిండ్రు. వాళ్ళను రానియ్యొద్దని 2021 మార్చిలో కేంద్ర హోంశాఖ ఈశాన్య రాష్ట్రాలకు చెప్పింది. మిజోరాం ముఖ్యమంత్రి జోరంథంగా ఊకోలే. వీళ్ళు మా నెత్తురు, మేము కండ్లు మూసుకోలేం అనే అర్థంలో ప్రధానమంత్రికే ఉత్తరం రాసిండు. పదమూడు లక్షలు కూడ లేని ఆ చిన్న రాష్ట్రం ముప్పై వేలకు పైగా శరణార్థులకు అన్నం పెట్టింది. చర్చీలు, యువజన సంఘాలు ఇంటింటికీ తిరిగి బియ్యం జమ చేసినయి. చిన్న రాష్ట్రం ఎందుకు అని మనల్ని అడిగినోళ్ళకు మిజోరాం ఒక జవాబు. 2024 ఫిబ్రవరిలో మాత్రం కేంద్రం సరిహద్దు పొడుగునా కంచె కడ్తం, రాకపోకల సౌకర్యం తీసేస్తం అన్నది.

లెక్క ఎవరికి? 2025 మార్చి 28 భూకంపం వచ్చినప్పుడు మన దేశం మందులు, రక్షణ దళాలు, దవాఖానా పంపింది. మంచి పని. కానీ ఆ సహాయంలో ఎంత సైన్యం చేతిలో లేని ఊర్లకు పోయిందని పార్లమెంటులో ఎవరన్న గట్టిగ అడిగిండ్రా? భూకంపం తర్వాత కూడ ఆ సైన్యం విమానాలతో ఊర్ల మీద బాంబులు వేసింది.

సైబరాబాద్‌కు, మ్యావడీకి నడుమ దారి

ఇప్పుడు మనం కూసున్న జాగ సంగతి. 1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు ఇక్కడ చుట్టూ రాళ్ళు, గుట్టలే. ఇయ్యాల కొండాపూర్ నుంచి నానక్‌రాంగూడ దాకా అద్దాల మేడలు. కరీంనగర్, నిజామాబాద్, పాలమూరు పిల్లలు అమీర్‌పేటలో కోర్సు చేసి, హాస్టల్లో ముగ్గురు ఒక రూములో ఉండి, ఈ మేడల దిక్కు చూస్తరు. కొందరికి దొరుకుతది. దొరకనోళ్ళ ఫోన్‌లోకి ఒక సందేశం వస్తది. బ్యాంకాక్‌లో కంప్యూటర్ ఉద్యోగం, వేల డాలర్ల జీతం, టికెట్ మాదే అని.

బ్యాంకాక్‌లో దిగినంక కారు గంటల తరబడి పడమటికి పోతది. మే సోట్ అనే ఊరు వస్తది. ఒక వాగంత నది దాటితే మ్యావడీ. అది బర్మా. పాస్‌పోర్టు గుంజుకుంటరు. గోడ లోపల కూసోబెట్టి, దొంగ పేర్లతో పెట్టుబడులని, ప్రేమలని నమ్మించి జనాన్ని దోచే పని చేయిస్తరు. చెయ్యనంటే కొడ్తరు, కరెంటు షాక్ పెడ్తరు. కేకే పార్క్ లాంటి ఆ అడ్డాలకు అక్కడ కావలి కాసింది బర్మా సైన్యంతో చేతులు కలిపిన సాయుధ ముఠాలే. చట్టం లేని చోట, ప్రశ్నించే పత్రిక లేని చోట, సైన్యానికి వాటా అందే చోట ఇట్లాంటి దందా పెరుగుతది. 2025 మార్చి 10, 11 తారీకుల్లో మన వాయుసేన విమానాలు అక్కడి నుంచి 549 మంది భారతీయులను తెచ్చినయి. అందులో తెలంగాణ పిల్లలు, ఆంధ్ర పిల్లలు ఉన్నరు. ఆ ఏడాది నవంబర్‌లో మళ్ళీ వందల మందిని తేవాల్సి వచ్చింది.

ఇంకో దిక్కు చూడండి. 2024 మొదటి నాలుగు నెలల్లో మన దేశంలో జరిగిన ఆన్‌లైన్ మోసాల్లో దాదాపు సగం బర్మా, కంబోడియా, లావోస్ నుంచి నడిచినవే అని కేంద్ర హోంశాఖ సైబర్ నేరాల కేంద్రం చెప్పింది. గచ్చిబౌలిలో ఫ్లాట్ కోసం దాచుకున్న పైసలు ఒక ఉద్యోగి పోగొట్టుకుంటడు. ఆ ఫోన్ అవతల కూసున్నది దెబ్బలకు భయపడి టైప్ చేస్తున్న మన జిల్లా పిల్లగాడే కావచ్చు. ఇద్దరూ మనోళ్ళే. నడుమ సంపాదించేది నియంత గొడుగు కింద ఉన్న ముఠా. బర్మా సంగతి మనకెందుకు అన్న మిత్రునికి ఇదే మా జవాబు.

ఈ నగరానికి ఇంకో చివర బాలాపూర్ ఉన్నది. రోహింగ్యాలు రేకుల గుడిసెల్లో ఉంటున్నరు. చిత్తు ఏరుతరు, కూలికి పోతరు. ఎన్నికలు వస్తే చాలు, వాళ్ళ పేరు చెప్పి ఓట్లు అడిగేటోళ్ళు తయారైతరు. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలే, సొంతంగ శరణార్థుల చట్టమూ చేసుకోలే. కాబట్టి వాళ్ళు ఎవరి దయ మీదనో బతకాలె. 1948లో విజయవాడ క్యాంపుల్లో మన తాతలు ఎవరు? శరణార్థులే కదా.

ఎదుటోళ్ళ మాట

దీనికి ఎదురు వాదన ఉన్నది. దాన్ని తీసిపారెయ్యలేం. మనం దూరం జరిగితే చైనా వచ్చి కూసుంటది అంటరు. సరిహద్దు తీవ్రవాదుల విషయంలో ఆ సైన్యం సాయం కావాలె అంటరు. పరాయి దేశం వ్యవహారంలో తలదూర్చొద్దు అంటరు.

చైనా ఎట్లాగూ ఉన్నది, రెండు దిక్కులా మాట్లాడుతున్నది. మనమే ఒక్క దిక్కు మాట్లాడుతున్నం. మన దేశం వందల కోట్లు పెట్టి కట్టుకుంటున్న కలాదాన్ రహదారి పలెత్వా మీదుగ పోవాలె. 2024 జనవరిలో ఆ పలెత్వాను అరకాన్ ఆర్మీ పట్టుకున్నది. నేపిడాలో జనరల్‌తో పెట్టిన సంతకం పలెత్వాలో చెల్లుతలేదు. జనంతో, ఎన్నికైన ప్రతినిధులతో, అక్కడి జాతుల సంఘాలతో మాట్లాడుడు ఆదర్శం కోసమే కాదు, అవసరం కూడ.

తలదూర్చొద్దు అన్నమాట మాకూ ఒప్పే. సైన్యాన్ని పంపుమని మేము అంటలేము. సైన్యం పోయిన చోట ఏం జరుగుతదో మనకంటె ఎవరికి ఎరుక? కానీ నియంతకు విడిభాగాలు అమ్ముడు తలదూర్చుడు కాదా? అది కూడ తలదూర్చుడే, నియంత దిక్కు.

మేము అడుగుతున్నది

కేంద్ర ప్రభుత్వాన్ని నాలుగు అడుగుతున్నం. బర్మా సైన్యానికి ఆయుధం, విడిభాగం, నిఘా పరికరం ఏదీ పోకుండ ఆపాలె. శరణార్థులకు చట్టం చెయ్యాలె, మతం చూడకుండ చెయ్యాలె. మందులు, బియ్యం మిజోరాం, మణిపూర్ సరిహద్దుల నుంచి నేరుగ జనానికి చేర్చాలె. సైన్యంతో మాట్లాడినంత బహిరంగంగనే ఎన్నికైన ప్రతినిధులతో, జాతుల సంఘాలతో మాట్లాడాలె.

రాష్ట్ర ప్రభుత్వం విదేశాంగం మా పని కాదు అని తప్పించుకోవద్దు. మిజోరాం తప్పించుకోలే. మ్యావడీ నుంచి తిరిగి వచ్చిన పిల్లలను మొదలు బాధితులుగ చూడాలె, వాళ్ళను అమ్మిన ఏజెంట్లను జైలుకు పంపాలె. గల్ఫ్ ఏజెంట్ల విషయంలో చేసిన ఆలస్యం ఇక్కడ చెయ్యొద్దు. బాలాపూర్ పిల్లలకు బడి, తల్లులకు దవాఖానా ఉండాలె. ఇంకోటి, ఇంట్లో ప్రశ్నను మూసేస్తే బయట నీతి చెప్పలేం. కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంలోనే 2017లో ధర్నా చౌక్ మూసిండ్రు. జనం మొకాలు గుర్తు పట్టే కెమెరాల మీద 2022లో మన హైకోర్టే ప్రభుత్వానికి నోటీసు ఇయ్యాల్సి వచ్చింది.

చివరి మాట ఇక్కడ కూసున్న ఐటీ ఉద్యోగులకు. నియంతకు ఇయ్యాల తుపాకీ ఒక్కటే చాలది. ఫోన్ వినే సాఫ్ట్‌వేర్ కావాలె, మొకం పట్టే కెమెరా కావాలె, ఇంటర్నెట్ బంద్ పెట్టే మీట కావాలె. అవి తయారయ్యేది ఇట్లాంటి మేడల్లోనే. మీరు రాసే కోడ్ ఏ దేశం పోతున్నదో, ఎవరి చేతికి పోతున్నదో అడగండి. ఒక్కరు అడిగితే మేనేజర్ కోపం చేస్తడు. వంద మంది అడిగితే జవాబు చెప్తడు. ఉద్యమంలో మీరు చేసి చూపించిందే అది. ఉద్యోగం పోతదని భయపెట్టినా, వారాంతం వస్తే జెండా పట్టుకొని ఈ రోడ్డు మీదికి వచ్చిండ్రు. ఆనాడు మన గొంతు ఢిల్లీకి వినబడాలని అడిగినం. ఇయ్యాల రంగూన్, మాండలే గొంతు ఢిల్లీకి వినబడాలని అడుగుదాం. అడగకపోతే 1948లో మనకు జరిగిన అన్యాయం గురించి మాట్లాడే అర్హత మనకు ఉండదు.

షోయబుల్లా ఖాన్‌కు, భైరాన్‌పల్లి అమరులకు, లెక్కలోకి రాని వేల మందికి జోహార్లు.

జై తెలంగాణ.